లావు అక్షరానికి మల్లక్క పేరు

ప్రతి మనిషీ జీవితంలో ఒకరినో ఇద్దరినో నవ్వులపాలు చేసే ఉంటారు. నేను మాత్రం ఒకే మధ్యాహ్నం, ఒకే దెబ్బకు, మా కాలనీలో సగం మందిని నవ్వులపాలు చేశాను. అదీ చాటుగా కాదు. ఫంక్షన్ హాలు స్టేజీ మీద, గోడంత ఫ్లెక్సీ మీద, రంగురంగుల్లో. ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి ఒకాయన ఉపన్యాసం కూడా ఇచ్చాడు పాపం. ఆ రోజు నేను పడ్డ అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. అసలు ఆ రోజు తర్వాత నాకు పగవాళ్లు కానివాళ్లంటూ మిగలలేదనుకోండి, అది వేరే సంగతి.

నా పేరు లచ్చవ్వ. మాది మందమర్రి. మా ఆయన బాయిలో పని చేసేవాడు. బొగ్గు గనిని మేం బాయి అంటాం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కొడుకు ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపరు నడుపుతాడు. కోడలు స్వప్న మా ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకొని ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు తయారు చేస్తుంది. నేను చెబుతుంటే ఇదంతా టైపు చేస్తున్నది కూడా ఆమే. నా మాటలను ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి పెడుతోంది. అక్కడక్కడ మరక మిగిలితే తప్పు ఆమెది కాదు, బట్టది.

నా చదువు సంగతి కూడా చెప్పాలి. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదువుతాను. బస్సు బోర్డు పూర్తిగా చదివేలోపు బస్సు వెళ్లిపోతుంది. ఇంగ్లీషుకూ నాకూ మాటల్లేవు. అటువంటి నేను కంప్యూటర్ ముందు ఎందుకు కూర్చున్నానంటారా? స్వప్నకు పని పెరిగింది. ఆమె పొయ్యి దగ్గర ఉన్నప్పుడే ఎవరో ఒకరు వచ్చి, "మా పిల్లగాని పేరు జర పెద్దగ చెయ్యుండ్రి" అంటారు. ఆ "జర" కోసం కూర మాడిపోతోంది. అందుకని చిన్న చిన్న మార్పులు నాకు నేర్పుతానంది.

మొదటి రోజే గొడవ.

"అత్తమ్మా, గీ పక్కకున్నది టూల్ ప్యానెల్. పనిముట్లన్ని గిందులనే ఉంటయి" అంది.

చూశాను. బెల్లం ముక్క దగ్గరికి చీమలు వరుస కట్టినట్టు సన్నని బొమ్మలు. ఒక్కో బొమ్మ కింద నొక్కితే ఇంకో నాలుగు చీమలు బయటికి వస్తున్నాయి.

"గీ చీమలల్ల నాకేం కనబడుతది పిల్లా? నీకు కండ్లున్నయి, నాకు అద్దాలున్నయి."

"మరి ఎట్లుంటె నీకు అల్కగుంటది? నువ్వు చెప్పు, అట్లనే సదురుత."

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సౌకర్యం ఉందట. ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో, ఎంత పెద్దగా ఉండాలో, దాని పేరు ఏమిటో మనమే పెట్టుకోవచ్చట. ఆ మాట నా చెవిన పడడమే తప్పయింది. వంటిల్లు సర్దడంలో నన్ను మించినవాళ్లు కాలనీలో లేరని నాకొక నమ్మకం. కరెంటు పోయినా, కళ్లు మూసుకున్నా, నా చేయి పసుపు డబ్బా మీదికే పోతుంది. అదే లెక్కన ప్యానెల్ కట్టించాను. రోజూ వాడేవి చేతికి దగ్గర. ఎత్తి పట్టుకునే బాణం, పెద్దగా చూపించే భూతద్దం, తుడిచే రబ్బరు. రంగు పోసే బకెట్ కింది వరుసలో, ఎందుకంటే బకెట్ ఎక్కడైనా కిందనే ఉండాలి. మిగతావన్నీ అటకెక్కించమన్నాను.

"గీ పెన్ను పనిముట్టు గూడనా అత్తమ్మా? నా పనంత దాంతోనే."

"నేనేం పెన్నుతోని రాసేదాన్నా పిల్లా? అటకెక్కియ్యి. నీకు కావాల్నంటె నిచ్చెనేసుకో."

చివరికి రెండు బొమ్మలు మిగిలాయి. ఒకటి పెట్టె బొమ్మ, దాని పేరు "దాచు". రెండోది ఎర్ర బస్సు బొమ్మ, దాని పేరు "పంపు". బస్సు ఎందుకంటే, ఫ్లెక్సీ అచ్చు వేసే పెద్ద మిషను మాకు లేదు, కరీంనగర్‌లో ఉంది. బస్సు బొమ్మ నొక్కితే మనం తయారు చేసిన పేజీ కరీంనగర్ పోతుంది. వాళ్లు అచ్చు వేసి, చాపలా చుట్టి, టేపు వేసి, ఆర్టీసీ బస్సులో పార్సిలు పెడతారు. పెట్టె నొక్కినా, బస్సు నొక్కినా పేజీ మూసుకుంటుంది. మధ్యలో ఇంగ్లీషులో ఏదో అడుగుతుంది. "ఏమడిగినా నీలం రంగుది ఒత్తు" అని స్వప్న చెప్పింది. అదే నా ఇంగ్లీషు.

"ఆ రెండు పక్కపక్కన వద్దత్తమ్మా, దూరం దూరం పెడుదం" అంది స్వప్న.

"ఎందుకే? మీ మామ షిఫ్టుకు పోయేటప్పుడు క్యారియరు నింపుడు, చేతికిచ్చుడు పక్కపక్కనే చేసిన. నింపినంక ఇయ్యక ఏం చేస్తం?"

"క్యారియర్ల పప్పుకు బదులు పులుసు పోతె మామ తిని ఊకున్నడు. ఫ్లెక్సీ అట్ల కాదు."

మంచి మాటే చెప్పింది. అయితే ఆ రోజుల్లో కోడలు మంచి మాట చెబితే దాన్ని ఎదురు మాట అనుకునే జబ్బు ఒకటి నాకుండేది. పక్కపక్కనే పెట్టించాను. ముందు పెట్టె, దాని తర్వాత బస్సు.

ఇక ఫాంట్ల సంగతి. అక్షరాల అచ్చులను ఫాంట్లు అంటారట. జాబితా తెరిస్తే రేషన్ షాపు ముందు వరుసలా ఉంది, చివర కనిపించదు. అందరి పేర్లూ ఇంగ్లీషులోనే. నేను చదవలేను, గుర్తు పెట్టుకోలేను.

అయితే మా కాలనీలో ఒక పద్ధతుంది. ఒక్కో పేరుతో ఇంటికొకరు ఉంటారు కాబట్టి ఎవరినీ ఒట్టి పేరుతో పిలవం. బోరింగు రాజయ్య, పిల్లికండ్ల రాజయ్య, తుమ్ముల రాజయ్య. మనిషిని చూడగానే తగిలిపోయే గుర్తు ఒకటి పేరుకు అంటుకుంటుంది, పోయేదాకా ఊడదు. నేను అక్షరాలను చూస్తుంటే నాకు అవి అక్షరాల్లా కనిపించలేదు. మనుషుల్లా కనిపించాయి.

"గీ లావు లావుది మల్లక్క లెక్క లేదూ?" అన్నాను.

స్వప్న నవ్వు ఆపుకోలేకపోయింది. "అత్తమ్మా, ఎవలన్న వింటరు."

"ఎవలింటరే? రాసి పెట్టు. మల్లక్క. తలుపు సగం తెరిస్తె పట్టది. గట్ల రాస్తె నాకు యాదికుంటది."

మల్లక్క మా పక్కింటామె. నా కన్నా కొంచెం పెద్దది. నేను భర్తను పోగొట్టుకున్నప్పుడు నా నోట్లో అన్నం ముద్ద పెట్టింది ఆమే, ఆ ముద్ద మింగకపోతే వీపు మీద ఒకటి వేసింది కూడా ఆమే. అంత దగ్గరిదాన్ని లావు అక్షరం చేశాను. ఆమె భర్త ఓదెలు బావకు పక్కకు వాలిపోయిన అక్షరం ఇచ్చాను. దాని కింద "జీతం నాటి నడక" అని రాయించాను. జీతం రోజు ఆయన ఇంటికి వచ్చే దారిలో కల్లు దుకాణం ఉంది. ఎదురు వరుసలో ఉండే సరోజనకు వంకీలు తిరిగే అక్షరం, ఆమె మాటకు అంతుండదు కాబట్టి. "ముచ్చట మొదలువెడితె ఒడువది." యూనియన్ నాయకుడు కనకయ్యకు చుట్టూ గీత మాత్రమే ఉండి లోపల రంగు లేని అక్షరం. "పైన గీత, లోపల ఖాళీ."

"మరి గీ బక్కది?" అంది స్వప్న.

"అది నువ్వే. మా కోడలు. తిన్నది ఎటు పోతదో దేవునికెర్క."

ఆమె తన గురించి కూడా గుండె రాయి చేసుకొని టైపు చేసింది. అన్నీ ఒకే పేజీలో, ఎవరి పేరు వాళ్ల అక్షరంలో. అదే నా నమూనా పేజీ. రోజూ తెరిచి చూసుకునేదాన్ని, దాచేదాన్ని. అది చూసి నాకు అక్షరాలన్నీ వచ్చేశాయి. ఎవరైనా వచ్చి "మంచి గట్టి అక్షరం పెట్టుండ్రి" అంటే మనసులో "మల్లక్కను పట్టుకురా" అనుకొని టక్కున పెట్టేసేదాన్ని.

అంతలో ఓదెలు బావ రిటైర్మెంటు వచ్చింది. మా దగ్గర రిటైర్మెంటు అంటే పెళ్లితో సమానం. శాలువా, బ్యాండు, భోజనాలు, స్టేజీ వెనుక ఫ్లెక్సీ. మల్లక్క మా ఇంటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

"లచ్చవ్వా, అందరు మంచిర్యాలల కొట్టియ్యుమన్నరు. నేను నీకే చెప్తున్న. ఎందుకో ఎర్కేనా?"

"ఎందుకక్కా?"

"మా తోటికోడలు సుజాత వస్తది. కరీంనగర్‌ల గ్రానైటు యాపారం వాళ్లది. మా ఇంట్ల ఏది చూసినా ముక్కు ఎగరేస్తది. చాయ పోస్తె కప్పు చూస్తది, కూసోమంటె కుర్చీ చూస్తది. గీ ఒక్క దినం అది నోరు తెరువద్దు. నా ఇజ్జత్ నీ చేతుల పెడుతున్న."

"నువ్వు ఫికర్ చెయ్యకక్కా. సుజాత మస్తు దినాలు యాది చేసుకునే ఫ్లెక్సీ కొట్టిస్త."

ఆ మాట నేను నిలబెట్టుకున్నాను. అందులో మాత్రం నన్ను ఎవరూ తప్పు పట్టలేరు.

స్వప్న ఫ్లెక్సీ పేజీ చక్కగా తయారు చేసింది. మధ్యలో ఓదెలు బావ ఫొటో, చుట్టూ పూలు, మూలకు కొండగట్టు అంజన్న. బావ పేరు ఏ అక్షరంలో ఉండాలో మాత్రం మల్లక్క వచ్చి చూసి చెప్పాలి. అంతలో స్వప్న చెల్లెలి కొడుకు పుట్టువెంట్రుకలని కొండగట్టుకు ప్రయాణం వచ్చింది. కొడుకూ కోడలూ వెళ్లారు.

"మల్లక్క చెప్పిన అక్షరం పెట్టు, బస్సు బొమ్మ ఒత్తు, అంతే. ఇంకేం ముట్టకు" అని చెప్పి మరీ వెళ్లింది.

ఇంకేం ముట్టకు అంటే ఏమి ముట్టాలా అని చూసే మనిషిని నేను. పొద్దున్నే ఖాళీగా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నా ప్యానెల్‌ను తేరిపార చూశాను. ఎర్ర బస్సు చివరన ఉండి ఎందుకో ఎండలో నిలబడ్డట్టు అనిపించింది. రోజూ పంపే పనే ఎక్కువ కదా, బస్సు ముందుకు రావాలి, పెట్టె వెనక్కి పోవాలి అనుకున్నాను. స్వప్న లాగినట్టే బాణంతో లాగాను. బస్సు వచ్చి పెట్టె జాగాలో కూర్చుంది. పెట్టె వెళ్లి బస్సు జాగాలో కూర్చుంది. నా పనితనానికి నేనే మురిసిపోయి చాయ పెట్టుకున్నాను.

వంటింట్లో డబ్బాలు మార్చిన ఆడవాళ్లు ఈపాటికే తల పట్టుకొని ఉంటారు. మార్చింది మనమే. కళ్లకు తెలుసు. చేతికి మాత్రం ఎవరూ చెప్పరు. అది పాత జాగాకే పోతుంది, చాయలో ఉప్పు పడుతుంది.

సాయంత్రం నేను నమూనా పేజీ తెరిచి, బావ పేరుకు ఏ అక్షరం బాగుంటుందా అని చూస్తున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పిన చప్పుడు.

"ఏమే లచ్చవ్వా, ఉన్నవా?"

మల్లక్క. తెర మీద అన్నిటికన్నా పైన, అరచేయంత అక్షరాల్లో ఆమె పేరు, దాని పక్కన తలుపు సంగతి. "దాచు" నొక్కాలి. చేయి పోయింది. పాత జాగాకే పోయింది. ఏదో అడిగింది, నీలం నొక్కాను. పేజీ మాయమైంది. మల్లక్క లోపలికి వచ్చేసరికి నేను చెమట తుడుచుకుంటూ నవ్వుతున్నాను.

"ఏందే గట్ల చెమటలు?"

"ఉడకపోత అక్కా. కూసో."

అసలు ఫ్లెక్సీ పేజీ తెరిచాను. చాయ ఇచ్చాను. మల్లక్క తెర దగ్గరికి వంగి ఓదెలు బావ ఫొటో చూసింది.

"ఈయన గింత సక్కగ ఎప్పుడుండె?" అంది.

"మా కోడలు జర తెల్లగ చేసింది."

"చెయ్యనీ. ఇంకింత చేసినా ఏం కాదు."

అక్షరాలు ఒక్కొక్కటే మార్చి చూపించాను. లావు అక్షరం రాగానే "గిదే. గట్టిగున్నది, దూరంకెల్లి కనబడుతది. గిదే పెట్టు" అంది. నాకు దగ్గు వచ్చింది. పెట్టాను. ఆమె కళ్ల ముందే "పంపు" నొక్కాను. అంటే, బస్సు పాత జాగాలో నొక్కాను. నీలం నొక్కాను. పేజీ పోయింది.

"అయిపాయె అక్కా. కరీంనగర్ పోయింది."

పోయిందెక్కడ. అసలు ఫ్లెక్సీ భద్రంగా పెట్టెలో పడుకుంది. కరీంనగర్ పోయింది నమూనా పేజీ.

మల్లక్క లేవబోతుండగా ఫోను మోగింది. కరీంనగర్‌లో మిషను నడిపే అతను.

"అమ్మా, మీ ఫైలు వచ్చింది. స్టేజీ ఎనుకకు కొట్టే పెద్ద సైజేనా?"

"అదే."

"మ్యాటర్ గిదేనా? జర తీర్ల తీర్లుగున్నది."

నాకు కోపం వచ్చింది. స్వప్న లేదు కదా, ముసలిదాన్ని కదా అని అడుగుతున్నాడనుకున్నాను. "మా మ్యాటర్ సంగతి నీకెందుకయ్యా? పంపింది నేను. నాకెర్క లేదా?"

"అది కాదమ్మా, మనుషుల పేర్లు పెట్టి ఏదేదో..."

"రిటైర్మెంటు ఫ్లెక్సీ మీద మనుషుల పేర్లుండక గొర్ల పేర్లుంటయా?"

మల్లక్క నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "ఇగో, నేను ఇంటామెను మాట్లాడుతున్న. ఉన్నది ఉన్నట్టు కొట్టు. ఒక్క అక్షరం తగ్గినా ఊకోను."

ఆ మాట ఆమె నోటితో ఆమే అన్నది. నేను తర్వాత ఎన్నో రోజులు ఆ ఒక్క ఆధారం పట్టుకొని బతికాను.

మర్నాడు ఫంక్షన్. నేను పట్టుచీర కట్టుకొని ముందే వెళ్లాను. బస్సు ఆలస్యమైంది. ఓదెలు బావ అన్న కొడుకులు బస్టాండుకు వెళ్లి, పార్సిలు దించుకొని నేరుగా హాలుకు తెచ్చేసరికి స్టేజీ మీద అందరూ కూర్చున్నారు. మధ్యలో మెడలో దండతో ఓదెలు బావ. ఆయన పక్కన కనకయ్య. కింద మొదటి వరుసలో మల్లక్క, పక్కన సుజాత. సుజాత మెడలో ఉన్న బంగారానికి ఫ్యాను గాలి కూడా పక్కకు తప్పుకొని పోతోంది.

కనకయ్య మైకు అందుకున్నాడు. వెనుక ఆ పిల్లలు టేపు కూడా సరిగా కోయకుండా, తాళ్లు కట్టి, చుట్టను పైనుంచి కిందికి వదిలారు. వాళ్ల ధ్యాస తాళ్ల మీద. స్టేజీ మీది వాళ్ల వీపులు ఫ్లెక్సీకి. చూసింది మేమే, కింద ఉన్నవాళ్లం.

ముందు లావు అక్షరాలు దిగాయి. నేను "అబ్బ, ఎంత బాగా వచ్చింది" అనుకున్నాను. చెప్పాను కదా, నేను కూడబలుక్కొని చదువుతాను. ఓదెలు అని చదవడానికి సిద్ధమైన నా నోరు "మ" దగ్గర ఆగిపోయింది.

సుజాత మాత్రం గడగడా చదివేసింది. బాగా చదువుకున్న గొంతు, హాలంతా వినిపించే గొంతు. "మల్లక్క. తలుపు సగం తెరిస్తె పట్టది."

ఆ తర్వాత హాలు మొత్తం చదవడం మొదలుపెట్టింది. బడిలో పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు, ఒక మూల నుంచి "జీతం నాటి నడక", ఇంకో మూల నుంచి "ముచ్చట మొదలువెడితె ఒడువది". నవ్వు. అన్నం పెట్టే వాళ్లు గరిటెలతో సహా వచ్చారు.

స్టేజీ మీద కనకయ్యకు ఇదేమీ తెలియదు. తన మాటలకే జనం ఇంత సంతోషపడుతున్నారనుకున్నాడు. గొంతు పెంచాడు.

"అన్నలారా, కార్మికుని బాధ నా లోపల నిండి ఉన్నది."

సరిగ్గా ఆయన తల మీదనే "పైన గీత, లోపల ఖాళీ". హాలు ఊగిపోయింది.

"నవ్వులాట కాదు, నిజం చెప్తున్న. నా లోపల చూడుండ్రి."

ఒకాయన కుర్చీలోంచి కింద పడ్డాడు. అంత అభిమానం జన్మలో చూడని కనకయ్య, రెండు మాటలు చెప్పి ముగిద్దామనుకున్న ఉపన్యాసాన్ని సాగదీశాడు. సరోజన అయితే లేచి నిలబడి తనకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడడం మొదలుపెట్టింది, కనకయ్య ఉపన్యాసం అయిపోయినా ఆమెది అయిపోలేదు. తన మీద రాసిన మాటను తనే ఉదాహరణతో సహా రుజువు చేస్తున్న సంగతి ఆమెకు తోచలేదు.

చివరికి ఓదెలు బావ వెనక్కి తిరిగి చూశాడు. నెమ్మదిగా చదువుకున్నాడు. మైకు తీసుకున్నాడు. నేను స్తంభం వెనుక చేరి కళ్లు మూసుకున్నాను.

"జీతం నాటి నడక అని రాసిండ్రు. గిది అబద్ధం" అన్నాడు. "బోనస్ నాడు గూడ నేను గట్లనే నడుస్త."

అప్పుడు కనకయ్య కూడా తిరిగి చూశాడు. ముఖం కందిపోయింది. "గిది ఎదుటి యూనియనోళ్ల కుట్ర. ఎవలు చేసిండ్రో నాకెర్క."

నిజం చెప్పొద్దూ, నా ప్రాణం లేచి వచ్చింది. ఎదుటి యూనియన్ వాళ్ల మీద ఎన్నో ఉన్నాయి, ఇదొకటి ఎక్కువైతే వాళ్లకేం బరువు? స్తంభం వెనుక నేను కూడా "అవునవును, వాళ్లే" అన్నాను. సరిగ్గా అప్పుడు కొండగట్టు నుంచి నేరుగా, చేతిలో పులిహోర ప్రసాదంతో స్వప్న తలుపులో నిలబడింది. స్టేజీ వైపు చూసింది. అమాయకంగా, గట్టిగా అడిగింది.

"అత్తమ్మా, నీ అక్షరాలు ఆడెందుకు కట్టిండ్రు?"

హాలులో ఉన్న తలలన్నీ ఒక్కసారి నా స్తంభం వైపు తిరిగాయి. స్తంభం నాకన్నా సన్నం.

తిట్లకు నేను భయపడేదాన్ని కాదు. కొళాయి దగ్గర పెరిగిన గొంతు నాది. కానీ మల్లక్క తిట్టలేదు. లేచి నా దగ్గరికి వచ్చింది. వెనుక నుంచి సుజాత నవ్వు వినిపిస్తూనే ఉంది.

"నిన్న నీ పక్కన కూసోని చాయ తాగిన" అంది మెల్లగా. "అప్పుడు గూడ నన్ను గట్లనే చూస్తున్నవా?"

నేను "అక్కా" అనేసరికి ఆమె తిరిగి వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

తర్వాత మల్లక్క గోడ మీద నుంచి పలకరించడం మానేసింది. నేను పిలిస్తే లోపలికి వెళ్లేది. కూర గిన్నె పంపితే గిన్నె తోమి తిరిగి వచ్చేది, కూర తిన్నారో పారబోశారో తెలిసేది కాదు. గోడ అవతలి నుంచి మాట్లాడే మనిషి లేక నేను గోడతో, పిల్లితో, చివరికి కంప్యూటర్‌తో మాట్లాడాను. సరైన ఫ్లెక్సీ అచ్చు వేయించి స్వప్నతో పంపాను.

"తీసుకున్నదా?"

"తీసుకున్నది. తలుపేసింది."

"తలుపు సగమే తీసిందా, మొత్తం తీసిందా?"

"అత్తమ్మా, నువ్వు ఇంకా మారలే."

నిజంగా వేరే ఉద్దేశంతో అడిగాను. మొత్తం తలుపు తీస్తే కోపం కొంచెం తగ్గినట్టు కదా.

దుకాణం మూతపడుతుందని భయపడ్డాం. జరిగింది ఇంకోటి. ఫ్లెక్సీ మీద పేరు ఉన్నవాళ్లు రాలేదు. పేరు లేనివాళ్లు వచ్చారు. తుమ్ముల రాజయ్య వచ్చి, "ఏం లచ్చవ్వా, మేం కాలనీల లేమా? మాకు అక్షరం లేదా?" అని తుమ్మాడు. ఒకామె తన భర్తకు ఏ అక్షరం నప్పుతుందో తనే ఎంచుకొని పోయింది. అందరూ వచ్చారు. నాకు కావలసిన మనిషి రాలేదు.

ఒకరోజు గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు. నేను తెర వైపు చూడలేదు, గుమ్మం వైపే చూశాను. మల్లక్క. తలుపు మొత్తం తీసుకొని వచ్చి కుర్చీలో కూర్చుంది.

"లచ్చవ్వా, ఒక మాట అడుగుత, సక్కగ చెప్పు."

"అడుగక్కా. కొట్టినా పడుత."

"నన్ను లావన్నవు. అద్దంల నేను చూసుకుంటలేనా? అది పక్కకు పెట్టు. గా సరోజన పేరు నా పేరు కన్న పొడుగెందుకున్నది?"

నాకు అర్థం కావడానికి సమయం పట్టింది. "అది... వంకీల అక్షరం కదక్కా. జాగ ఎక్కువ తీసుకుంటది."

"గట్లెట్ల? అంత మందిల లావు నేనైతె, జాగ అది ఆక్రమిస్తదా? సుజాత గూడ అడిగింది, మీ కాలనీల పెద్దామె సరోజననా అని. నాకు తల తీసేసినట్టయింది. నువ్వు నన్ను ఇంకింత లావు చేసి మల్ల కొట్టియ్యి."

నేను ఏడ్చానో నవ్వానో తెలియదు, రెండూ ఒకే ముఖం మీద వచ్చాయి. మల్లక్క నా వీపు మీద ఒకటి వేసింది. ఆ దెబ్బతో మా ఇద్దరికీ మాటలు కలిశాయి. తర్వాత ఆమె నా కుర్చీలో నన్ను జరిపి కూర్చొని, నాకు కూడా ఒక అక్షరం వెతికింది. ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకునే అక్షరం దొరికింది. "గిది నువ్వు. ఉన్నదాన్ని ఉన్నకాడ ఉండనియ్యవు" అంది. సుజాతకు తళతళ మెరిసే బంగారు అక్షరం ఇచ్చింది. "మస్తు మెరుస్తది, ఏం రాసిందో కనబడది" అని దాని పక్కన టైపు చేయించింది. ఆ సుజాత ఇప్పుడు ఫోను చేసి, నా అక్షరం ఎప్పుడు చూపిస్తరని అడుగుతోందట.

అందుకని చదివేవాళ్లందరి ముందు, అంజన్న మీద ఆన పెట్టి, మా కోడలు సాక్షిగా చెబుతున్నాను. ఇక ఈ జన్మలో పెట్టె జాగాలో బస్సును, బస్సు జాగాలో పెట్టెను పెట్టను. నీలం రంగుది నొక్కే ముందు అదేమి అడుగుతుందో ఎవరినైనా పిలిచి చదివించుకుంటాను. ముఖ్యంగా, మనుషుల పేర్లు అక్షరాలకు చచ్చినా పెట్టను.

ఈ మధ్య నమూనా పేజీలో కొత్తగా చేరిన పేర్లకు నాకూ ఏ సంబంధమూ లేదు. అవి పెడుతున్నది మల్లక్క. నేను ఒట్టి టైపు చేస్తున్నాను.